హాలోవీన్‌కి మన చేత్తోనే ముంగిట్లో శ్మశానం

అక్టోబర్ 31 సాయంత్రం పిల్లలు వేషాలేసుకుని చాక్లెట్ల కోసం ఇంటింటికీ వచ్చే పండుగ హాలోవీన్. దానికోసం సెప్టెంబర్ నెలాఖరుకే మా వీధిలో అస్థిపంజరాలు మొలుస్తాయి. మాది డాలస్‌కి ఉత్తరాన, సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే నాలుగడుగులకోసారి తెలుగు వినపడే శివారు. 2020లో హోమ్ డిపో అనే హార్డ్‌వేర్ షాపు 299 డాలర్లకి పన్నెండు అడుగుల అస్థిపంజరాన్ని అమ్మకానికి పెట్టినప్పటి నుంచి ఇళ్ల మధ్య పోటీ మరీ ముదిరింది. వచ్చిన కొత్తలో నేనూ గాలి నింపే బొమ్మలు రెండు కొన్నాను. రాత్రి బాగానే ఉండేవి కానీ, పగలంతా గాలి తీసేస్తే గడ్డి మీద ఆరేసి మరిచిపోయిన బట్టల్లా పడి ఉండేవి. రెండో ఏడాదికి ఒకదాని మోటారు పోయింది. ఆ తర్వాత నుంచి అన్నీ గ్యారేజీలోనే చేసుకుంటున్నాం.

ఈ ఏళ్లలో నాకు అర్థమైందేమిటంటే, యార్డంతా నింపక్కర్లేదు. చీకట్లో సరిగ్గా కనిపించేలా నాలుగు వస్తువులు, వాటికి రెండు మూడు లైట్లు ఉంటే చాలు. మిగతా భయమంతా చీకటే పెడుతుంది.

ముందు సైడ్‌వాక్ మీద నిలబడి చూడండి

ఏదీ కొనకముందు ఒక రాత్రి ఎనిమిదింటికి బయటికెళ్లి, సైడ్‌వాక్ మీద నుంచి మీ ఇంటిని చూడండి. పిల్లలు చూసేది అక్కడి నుంచే. వీధి దీపం వెలుగు ఎంతవరకు పడుతోంది, చెట్టు నీడ ఎక్కడుంది, బయటి ప్లగ్ ఏ గోడకుంది, ఇవి చూసుకుంటే సగం పని అయినట్టే. వీధి దీపం కింద నిలబెట్టిన దెయ్యం అచ్చం దుప్పటిలాగే ఉంటుంది. అదే దెయ్యాన్ని చెట్టు వెనక పదడుగులు జరిపితే పెద్దవాళ్లు కూడా ఒకసారి ఆగి చూస్తారు.

మీ కాలనీకి హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, ఉంటే అలంకరణ ఎప్పటి నుంచి పెట్టొచ్చో, ఎప్పటికల్లా తీసేయాలో ముందే చదువుకోండి. ఓ ఏడాది నేను వారం ముందే పెట్టేశానని మాకు ఉత్తరం వచ్చింది. రెండిళ్ల అవతల క్రిస్మస్ లైట్లు మార్చి దాకా వేలాడినా వాళ్లకి కనపడలేదు, అది వేరే సంగతి.

పనిని వారాంతాలకి పంచుకోండి. అక్టోబర్ మొదటి వారాంతం సమాధి రాళ్లకి, ఎందుకంటే పెయింట్ ఆరడానికి టైమ్ కావాలి. రెండోది దెయ్యాలకి, సాలీడుకి. మూడోది నిలబెట్టడానికి, లైట్లకి. గుమ్మడికాయలు మాత్రం చివరి మూడు రోజుల్లోనే. మధ్యలో దసరా ఉంటుంది కాబట్టి మా ఇంట్లో ఆ పది రోజులూ హాల్లో బొమ్మల కొలువు, గ్యారేజీలో సమాధులు. రెండింటికీ వాడేది ఒకే గ్లూ గన్.

సమాధి రాళ్లు

మొత్తం యార్డుకి ప్రాణం ఇవే. ఇవి బాగా వస్తే ఇంకేం లేకపోయినా నడిచిపోతుంది.

థర్మాకోల్ వాడొద్దు. కత్తి పెట్టగానే పూసలు పూసలుగా రాలి వీధంతా ఎగురుతాయి. హార్డ్‌వేర్ షాపులో గోడలకి వేసే ఇన్సులేషన్ బోర్డు దొరుకుతుంది, గులాబీ రంగులోనో నీలం రంగులోనో ఉంటుంది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, రెండు అంగుళాల మందం ఉన్నది తీసుకోండి. పదహారు అంగుళాల వెడల్పు, రెండడుగుల ఎత్తు చొప్పున కోస్తే ఒక్క షీట్‌లో పన్నెండు రాళ్లు వస్తాయి, పెద్దవైతే ఆరు. అన్నీ ఒకే సైజులో మాత్రం కోయకండి. శ్మశానంలో రాళ్లు ఒకే ఏడాది పుట్టవు కదా. ఇంకోటి, ఆ షీట్ మామూలు కార్లో పట్టదు. పార్కింగ్‌లోనే కత్తితో గాటు పెట్టి విరిచేసుకోండి, కేక్‌లా విరుగుతుంది.

1. స్కెచ్ పెన్‌తో ఆకారం గీయండి. పైన గుండ్రంగా ఉన్నవి రెండు, శిలువ ఒకటి, మూల విరిగిపోయింది ఒకటి ఉంటే నిజంలా అనిపిస్తుంది. పొడవాటి బ్లేడు కత్తితో ఒకేసారి కాకుండా మూడు నాలుగు సార్లుగా లోతుకి కోయండి.

2. అంచుల్ని చేత్తో అక్కడక్కడ చిదపండి. అల్యూమినియం ఫాయిల్‌ని నిమ్మకాయంత ఉండ చేసి ముఖభాగమంతా నొక్కుతూ దొర్లించండి. నున్నటి ఫోమ్ కాస్తా గరుకు రాయి అవుతుంది. ఈ పని చిన్నపిల్లలకి అప్పజెప్పవచ్చు, వాళ్లే బాగా చేస్తారు. పై అంచు నుంచి కిందికి ఒక వంకర గీత, దాన్నుంచి చిన్న పాయ ఒకటి తీసి, వి ఆకారంలో కోస్తే పగులు తయారు.

3. ఇక అక్షరాలు. సైడ్‌వాక్ నుంచి చదవాలంటే ఒక్కో అక్షరం కనీసం మూడు అంగుళాలు ఉండాలి. కాగితం మీద ప్రింట్ తీసి, బోర్డుకి అంటించి, బాల్‌పెన్‌తో గట్టిగా దిద్దితే కింద అచ్చు పడుతుంది. ఇంగ్లీషు అక్షరాలకి కత్తి సరిపోతుంది. మన అక్షరాలు గుండ్రం కాబట్టి కత్తి తిరగదు, సోల్డరింగ్ ఐరన్ కావాలి. ఫోమ్ కరిగేటప్పుడు వచ్చే పొగ మంచిది కాదు, ఆ పని గ్యారేజీ బయట, మాస్కు పెట్టుకుని చేయండి. అర అంగుళం లోతు చాలు. మా యార్డులో ఒక రాయి మీద ‘ఐదు నిమిషాల్లో వస్తానన్నాడు’ అని, ఇంకోదాని మీద ‘వైఫై పాస్‌వర్డ్ చెప్పకుండానే పోయాడు’ అని ఉంటుంది. తెలుగు రాని పిల్లలకి అదేదో మంత్రం అనిపిస్తుందట, అది ఇంకా మంచిది. వత్తులు, తలకట్లు ఎక్కువున్న మాటలు పెట్టుకోకండి. ‘స్మృత్యర్థం’ అని చెక్కబోయి ఒక బోర్డు పాడు చేశాను.

4. పెయింట్ దగ్గరే అందరూ దెబ్బతినేది. నేనూ తిన్నాను. మొదటి రాయి మీద నేరుగా స్ప్రే పెయింట్ కొడితే నా కళ్ల ముందే చెద తిన్న తలుపులా గుంటలు పడిపోయింది. స్ప్రేలో ఉండే ద్రావకం ఈ ఫోమ్‌ని తినేస్తుంది. కాబట్టి ముందు నీళ్లలో కలిసే రకం, బయటి గోడలకి వేసే మెరుపు లేని బూడిద రంగు పెయింట్ రెండు పూతలు వేయండి. వెనక వైపు, అంచులు, అక్షరాల లోపల, ఎక్కడా గులాబీ కనపడకూడదు. షేడు తప్పిందని కస్టమర్లు వెనక్కిచ్చేసిన డబ్బాలు పెయింట్ కౌంటర్ దగ్గర సగం ధరకో ఇంకా తక్కువకో ఇస్తారు, అడగండి. దెయ్యాలకి షేడు పట్టింపు లేదు.

5. బూడిద రంగు ఒక రాత్రంతా ఆరాక, నల్ల పెయింట్ ఒక వంతుకి నీళ్లు నాలుగు వంతులు కలిపి, రాయిని నిలబెట్టి పై నుంచి కారనివ్వండి. అక్షరాల్లో, పగుళ్లలో నలుపు నిలుస్తుంది. పైపైన ఉన్నదాన్ని పాత గుడ్డతో అద్ది తీసేయండి. వందేళ్ల వాన మరకలు పది నిమిషాల్లో వచ్చేస్తాయి. చివరగా తెలుపు కలిపిన లేత బూడిద రంగులో బ్రష్ ముంచి, పేపర్ మీద రాసి దాదాపు పొడిగా చేసి, అంచుల మీద ఊరికే తాకిస్తూ పోండి. అడుగున కొద్దిగా ఆకుపచ్చ అద్దితే పాచి పట్టినట్టుంటుంది.

6. నిలబెట్టడం. అర అంగుళం పీవీసీ పైపుని అడుగు పొడవు ముక్కలుగా కోసి, రాయి అడుగు భాగంలో రెండు చోట్ల దించండి. ఫోమ్‌బోర్డు కోసమని డబ్బా మీద రాసున్న గ్లూతోనే అంటించాలి, మామూలుది కరిగించేస్తుంది. నేలలో 3/8 అంగుళం మందం ఇనుప చువ్వలు, రెండడుగుల పొడవువి, అడుగు లోతుకి కొట్టండి. పైకి ఉన్న అడుగు చువ్వ మీదికి పైపు దిగుతుంది. గాలికి రాయి ఊగుతుంది కానీ ఎగరదు. ఇక్కడ అక్టోబర్‌లో ఒక్క చలిగాలి వచ్చిందంటే, చువ్వ లేని రాళ్లన్నీ తెల్లారి పక్కింటి కంచె దగ్గర వెతుక్కోవాలి.

ఈ చువ్వల గురించి రెండు మాటలు. మా వైపు నేల అచ్చం మన నల్లరేగడి. ఎండితే రాయి, బీటలు వారుతుంది కూడా. ముందు రోజు సాయంత్రం బాగా తడిపితేనే చువ్వ దిగుతుంది. రెండోది ఖరీదైన పాఠం. నేను హుషారుగా కొట్టిన ఒక చువ్వ స్ప్రింక్లర్ పైపులోంచి దూసుకుపోయింది, నాకు తెలియనే లేదు. మర్నాడు తెల్లవారుజామున స్ప్రింక్లర్ ఆన్ అవగానే సమాధి కింద నుంచి నీళ్లు ఉబికాయి. వాకింగ్‌కి వచ్చిన పొరుగాయన ఆగి, ఎఫెక్ట్ చాలా బాగుందని మెచ్చుకుని వెళ్లాడు. అమెరికాలో ఎక్కడైనా సరే, తవ్వకాలకి కొన్ని రోజుల ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్లు ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు. స్ప్రింక్లర్ పైపులు మాత్రం సాధారణంగా ఆ లెక్కలోకి రావు. స్ప్రింక్లర్ తలలు ఎక్కడున్నాయో చూసుకుని, వాటిని కలిపే వరసకి దూరంగా కొట్టండి.

దెయ్యాలు, మా నాన్న పంచె

టమాటా మొక్కలకి ఊతంగా పెట్టే గుండ్రటి తీగ బోను తిరగేస్తే దెయ్యానికి గౌను తయారు. పైకి వచ్చిన కాళ్లని జిప్ టైతో ముడేయండి. వంద బల్బుల తెల్ల ఎల్‌ఈడీ తీగని లోపల చుట్టండి. ఒక బెలూనో, ప్లాస్టిక్ బంతో తలగా పెట్టి, పైన తెల్ల దుప్పటి కప్పండి. కళ్లు నల్ల ఫెల్ట్ గుడ్డవి, కోడిగుడ్డంత. నోరు పెట్టకండి, నోరుంటే కార్టూన్ అయిపోతుంది. కింద గుడారం మేకులు నాలుగు. పాత వస్తువులమ్మే దుకాణాల్లో దుప్పట్లు చవగ్గా దొరుకుతాయి. మా ఇంట్లో ఒక దెయ్యానిది నాన్న వదిలేసి వెళ్లిన పంచె. సన్నటి నూలు కదా, లోపలి వెలుగు దానిలోంచి వచ్చినంత అందంగా ఏ దుప్పటిలోంచీ రాలేదు. అంచు జరీ మాత్రం లోపలికి మడవాల్సి వచ్చింది.

పోర్చ్ కప్పు కింద వేలాడదీయడానికి ఇంకో రకం ఉంది. అమెరికన్లు చీజ్‌క్లాత్ అనే పల్చటి జాలి గుడ్డని సీసాలో కొన్న స్టార్చ్‌లో ముంచుతారు. మనకి గంజి ఉండగా అదెందుకు? చిక్కటి అన్నం గంజిలో గుడ్డ ముంచి పిండి, సీసా మీద బెలూన్ పెట్టి దాని మీద పరచండి. రెండు రోజులు ఎండలో ఉంచి బెలూన్ పగలగొడితే లోపల ఖాళీగా దెయ్యం నిలబడుతుంది, గంజి పెట్టిన చీరలా కరకరలాడుతూ. దాన్ని చేపల గాలం తీగతో కట్టి వేలాడదీయండి, తీగ కనపడదు. కానీ వాన తగిలితే, మంచు పడితే గంజి మెత్తబడిపోతుంది. ఇది కప్పు కింద తప్ప బయట పనికిరాదు.

కూర్చున్న మనిషి

దిష్టిబొమ్మ చేయడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. పాత ప్యాంటు, చొక్కా, లోపల కూరడానికి ఎండుగడ్డి. ఊళ్లో అయితే తలకి సున్నపు బొట్లు పెట్టిన కుండ, ఇక్కడ గ్యాలన్ పాలడబ్బా మీద గోనెగుడ్డ చుడితే సరిపోతుంది. చేతి గ్లవ్స్ కూరి చొక్కా చేతులకి సేఫ్టీ పిన్నులు పెట్టండి. ప్యాంటు చివర్లు బూట్లలోకి దోపండి. ఈ బొమ్మని నిలబెట్టకుండా పోర్చ్‌లో కుర్చీలో కూర్చోబెట్టండి, తల కొంచెం పక్కకి వాల్చి. నిజం మనిషో బొమ్మో తేలకపోవడంలోనే అసలు భయం ఉంది. మా అబ్బాయి ఓ ఏడాది అదే బట్టలు వేసుకుని అదే కుర్చీలో కూర్చున్నాడు, ఆ సంగతి ఇంకా చెప్పుకుంటారు.

ఒక్క హెచ్చరిక. బొమ్మని మెడకి తాడేసి చెట్టుకి మాత్రం వేలాడదీయకండి. ఈ దేశంలో నల్లజాతివాళ్లని చెట్లకి ఉరితీసిన చరిత్ర ఉంది. మనకి తమాషా అనిపించింది పక్కింటివాళ్లకి గాయం కావచ్చు.

సాలీడు

ఇది త్వరగా అయిపోతుంది. రెండు నల్ల చెత్త సంచుల్లో ఎండాకులు కూరి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, కలిపి కట్టండి. కాళ్లకి నీళ్ల పైపులకి తొడిగే నల్ల ఫోమ్ గొట్టాలు ఎనిమిది, ఆరడుగులవి. ఒక్కోదానిలో గట్టి తీగ దూర్చి మోకాలి దగ్గర వంచండి. గూడుకి షాపులో అమ్మే దూదిలాంటి సాలెగూడు వద్దు, చిన్న పిట్టలు, తేనెటీగలు అందులో చిక్కుకుంటాయి. బట్టలారేసే తెల్ల తాడు కొనండి. చెట్టు నుంచి నేలలోని మేకులకి ఐదారు తాళ్లు బిగించి లాగి, మధ్య నుంచి చుట్టూ మెట్టు మెట్టుగా ముడులేస్తూ రండి. పిల్లలు నడిచే దారికి మాత్రం అడ్డం రాకూడదు.

గుమ్మడికాయ

ఐర్లండ్‌లో ఈ పండుగకి ముల్లంగి జాతి దుంపలు చెక్కేవారు. వలసొచ్చిన ఐరిష్‌వాళ్లకి ఇక్కడ దొరికిన గుమ్మడికాయ వాటికన్నా పెద్దది, చెక్కడానికి మెత్తనిది. మనం గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టినట్టే వాళ్లూ గుమ్మం ముందు పెడతారు, కాకపోతే లోపల దీపంతో.

మూత పైన కోయడం అలవాటే కానీ, అడుగున కోయడం మేలు. పైన కోస్తే మూత ఎండి ముడుచుకుని లోపలికి జారుతుంది. అడుగున కోస్తే దీపం నేల మీద పెట్టి కాయని దాని మీద బోర్లించడమే. లోపలి పీచు, గింజలు తీసేశాక ముఖం చెక్కే వైపు గోడ అంగుళం మందం వచ్చేదాకా గీకండి. మందంగా ఉంటే వెలుగు బయటికి రాదు. గరిటెలు, స్కూపులు అన్నీ ప్రయత్నించి చివరికి మా ఆవిడ కొబ్బరి కోరు తెచ్చింది. దానికి మించింది లేదు. చెక్కడానికి వంటింటి కత్తి కాకుండా, షాపులో గుమ్మడికాయల కోసమే అమ్మే సన్నటి రంపం వాడండి, చెయ్యి జారినా లోతుగా తెగదు.

చెక్కిన కాయ వేడి ఊళ్లలో మూడు రోజులకే బూజు పడుతుంది. గ్యాలన్ నీళ్లలో ఒక టేబుల్ స్పూన్ బ్లీచ్ కలిపి లోపలా బయటా తడిపి ఆరబెట్టి, కోసిన అంచులకి వాజలిన్ రాస్తే ఇంకో రోజో రెండు రోజులో ఆగుతుంది. లోపల కొవ్వొత్తి వద్దు, బ్యాటరీ దీపం పెట్టండి. పొడవాటి గౌన్లు వేసుకున్న పిల్లలు గుమ్మం దగ్గర గుమిగూడతారు. గింజలు పారేయకండి, ఉప్పూ కారం వేసి వేయించండి. గుజ్జుతో పులుసు పెట్టాలనుకుంటే మాత్రం చెక్కే రకం వద్దు, అది నీళ్లూ పీచూ. చిన్నగా గుండ్రంగా ఉండే, ‘పై’ (pie) అనే వంట రకం గుమ్మడికాయ వేరే కొనండి.

వెలుతురు

ఇంత కష్టపడి చేసి, చివరికి పోర్చ్ ట్యూబ్‌లైట్ వెలుగులో అన్నీ చప్పగా చేసేవాళ్లని ఎందరినో చూశాను. తెల్లటి వెలుగు ఎదురుగా పడితే ఏ బొమ్మా భయపెట్టదు. నీలం ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్ ఒకటి యార్డు పక్క మూల నుంచి అడ్డంగా పడేలా పెట్టండి, వెన్నెలలా ఉంటుంది, చెక్కిన అక్షరాల్లో నీడ నిలుస్తుంది. ఆకుపచ్చది ఒకటి పెద్ద సమాధి వెనక నేల మీద, పైకి చూసేలా. కుర్చీలో మనిషికి కింద నుంచి చిన్నదొకటి. ఇంతే. నాలుగో లైటు కొనాలనిపిస్తే ఒక రోజు ఆగండి.

పోర్చ్ లైటు పూర్తిగా ఆర్పకూడదు. అది వెలిగి ఉంటేనే ఈ ఇంట్లో చాక్లెట్లు ఇస్తారని పిల్లలకి గుర్తు. తెల్ల బల్బు తీసి నారింజ రంగుది పెట్టుకోండి. మెట్లు, నడిచే దారి మాత్రం స్పష్టంగా కనిపించాలి.

వైర్ల విషయంలో పిసినారితనం వద్దు. బయట వాడే ఎక్స్‌టెన్షన్ తీగ మీద డబ్ల్యూ అనే అక్షరం ఉంటుంది, అది లేనిది ఇంట్లోకే. బయటి ప్లగ్ జీఎఫ్‌సీఐ రకమై, అంటే షాక్ కొట్టబోతే కరెంటు దానంతటదే ఆపేసేదై ఉండాలి, టెస్ట్ బటన్ నొక్కి చూసుకోండి. రెండు తీగలు కలిసేచోట నేల మీద వదలకుండా ఇటుక మీదికి ఎత్తండి, స్ప్రింక్లర్ టైమర్ ఆ వారమంతా ఆపేయండి. లైట్లకి టైమర్ పెట్టి రాత్రి పదింటికి ఆరిపోయేలా చేస్తే పక్కింటివాళ్లూ సంతోషిస్తారు.

పొగ యంత్రం ఉంటే దాని పొగ వేడి వల్ల పైకి లేచిపోతుంది. ఐసు నింపిన కూలర్ పెట్టెకి అటూ ఇటూ రంధ్రాలు చేసి దాని గుండా పంపితే చల్లబడి సమాధుల మధ్య నేలకి అంటుకుని పాకుతుంది.

ఆ సాయంత్రం

మా దగ్గర అక్టోబర్ 31న ఆరున్నర దాటాకే పొద్దు గుంకుతుంది. చిన్నపిల్లలు ఆ వెలుగులోనే వచ్చేస్తారు, అప్పటికి ఏదీ భయంగా ఉండదు, అదీ మంచిదే. ఆహార అలర్జీలున్న పిల్లల కోసం 2014 నుంచి నీలి ఆకుపచ్చ గుమ్మడికాయ పెట్టే అలవాటు దేశమంతా వ్యాపించింది. తిండి కాకుండా స్టిక్కర్లో పెన్సిళ్లో కూడా ఇస్తామని దాని అర్థం. ఒక కాయకి ఆ రంగేసి గుమ్మం దగ్గర పెట్టండి. 2024లో దీపావళి కూడా అదే రోజు వచ్చింది. సమాధుల పక్కన ప్రమిదలు వెలిగించాలా వద్దా అని మా అమ్మతో ఫోన్‌లో పెద్ద చర్చ జరిగింది. చివరికి ప్రమిదలు గడప మీద, సమాధులు గడ్డి మీద అని రాజీ కుదిరింది.

నవంబర్ మొదటి వారంలో అన్నీ తీసేటప్పుడు చువ్వలు ముందు లెక్కపెట్టుకోండి, ఒక్కటి గడ్డిలో ఉండిపోయినా లాన్ మోవర్ బ్లేడు పోతుంది. సమాధుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చకండి, ఫోమ్ సొట్టలు పడుతుంది. గ్యారేజీ గోడకి నిలబెట్టి, మధ్యన గుడ్డ వేయండి. మేం దెయ్యాల దుప్పట్లే చుడతాం. పంచె మాత్రం ఉతికి, మడిచి బీరువాలో పెడతాం.